ఎరుక కల కోసం ఎటు తిరిగి పడుకోవాలి: వెల్లకిలా, పక్కకి, లేక పడక్కుర్చీలోనా?

ముందు నా సంగతి చెప్పేస్తాను. ఎనిమిది నెలల పాటు వెల్లకిలా పడుకుని ఎరుక కల కోసం, అంటే కలలో ఉండగానే ఇది కల అని తెలిసే కల కోసం ఎదురుచూశాను. ఎక్కడ చదివినా అదే మాట: శవాసనంలో ఉన్నట్టు కాళ్ళు చాపండి, చేతులు పక్కన పెట్టుకోండి, కదలకండి, కల దానంతటదే వస్తుంది. నాకు వచ్చింది గురక. అర్ధరాత్రి దాటాక మా ఆవిడ భుజం తట్టి "ఏమండీ, కాస్త అటు తిరగండి" అనేది. తిరిగేవాణ్ణి. ఆవిడ నిద్రపోగానే పంతం కొద్దీ మళ్ళీ వెల్లకిలా పడుకునేవాణ్ణి.

చివరికి కల వచ్చింది, విసుగుపుట్టి ఆ పంతం మానేసిన రోజున. చిన్నప్పటి అలవాటు ప్రకారం కుడిపక్కకి ఒత్తిగిలి పడుకున్నాను. కలలో విజయవాడ నెహ్రూ బస్టాండులో నిలబడి ఉన్నాను. ఎదురుగా బస్సు, దాని బోర్డు మీద "గుంటూరు". పక్కకి చూసి మళ్ళీ చూస్తే అదే బోర్డు మీద "గుడివాడ". మూడోసారి చూసేసరికి అక్షరాలు ఏ ఊరివీ కావు, జిలేబీ చుట్టల్లా ఉన్నాయి. అప్పుడు తట్టింది, ఇది కల అని. చుట్టూ జనం సంచులు మోసుకుంటూ తిరుగుతూనే ఉన్నారు, వేరుశనక్కాయల బండి దగ్గర పొగ కూడా కనిపిస్తోంది. నేను మాత్రం ఒక్కణ్ణే నవ్వుకుంటూ నిలబడ్డాను. పది సెకన్లు ఉందో లేదో, మెలకువ వచ్చేసింది.

ఆ తర్వాత రెండేళ్ళుగా మంచం మీద, చాప మీద, కుర్చీలో, డాబా మీద రకరకాలుగా పడుకుని చూశాను. ఏ భంగిమ మంచిదో చెప్పాలంటే, కలలోకి మీరు ఏ దారిన వెళ్ళాలనుకుంటున్నారో ముందు తెలియాలి. దారి తేల్చుకోకుండా దిండ్లు సర్దుకుంటూ కూర్చుంటే నాలాగే నెలలు పోతాయి.

ఎంచుకోవాల్సింది తెల్లవారుజాము భంగిమ

కలలో ఉండగానే "ఇది కల" అని తెలిసిపోవడాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. ఆ పేరుని 1913లో వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అనే డచ్ వైద్యుడు. నేను ఎరుక కల అంటున్నాను, అలా అంటే మా అమ్మకి కూడా అర్థమైంది.

కలలు దట్టంగా వచ్చే దశ రెమ్ నిద్ర. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ కొద్ది నిమిషాలే. తెల్లవారేకొద్దీ రెమ్ పెరుగుతూ పోతుంది. రాత్రి 11 గంటలకి పడుకునే మనిషికి అసలు పంట తెల్లవారుజామున 4 నుంచి 7 మధ్యలో పండుతుంది. అందుకే ఐదు, ఐదున్నర గంటల పాటు నిద్రపోయి, లేచి, అరగంట నుంచి గంట వరకు మెలకువగా ఉండి, మళ్ళీ పడుకోవడం అనే పద్ధతి వచ్చింది. ఎరుక కలల కోసం ప్రయత్నించేవాళ్ళలో చాలామంది దీన్నే పాటిస్తారు.

అంచేత రాత్రి మంచమెక్కేటప్పుడు భంగిమ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఎలా పడుకుంటే హాయిగా నిద్రపడుతుందో అలాగే పడుకోండి. ఆ ఐదు గంటల నిద్ర సరిగ్గా పడకపోతే 4 గంటలకి లేచినా ప్రయోజనం ఉండదు, తిరిగి పడుకోగానే ఒళ్ళు తెలియకుండా పోతారు. మీరు ఎంచుకోవాల్సింది 4 గంటలకి లేచి మళ్ళీ వాలినప్పటి భంగిమని.

ఇంకో సంగతి. రెమ్ నిద్రలో ఒళ్ళంతా కండరాలు పట్టు వదిలేస్తాయి. కళ్ళు, ఊపిరి తీసే కండరాలు మాత్రం పనిచేస్తాయి. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ చేసిన ప్రయోగం దీని మీదే నడిచింది. అలన్ వర్స్‌లీ అనే ఆయన ముందే అనుకున్న ప్రకారం కలలో ఉండగా కళ్ళని ఎడమకీ కుడికీ తిప్పాడు, అది యంత్రం మీద గీతలుగా పడింది. తర్వాత కొన్నేళ్ళకి అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబర్జ్ కూడా విడిగా ఇదే చేసి చూపించాడు. కల మొదలయ్యాక మీ అసలు ఒళ్ళు ఎటు తిరిగి ఉందన్నది మీ చేతిలో లేని విషయం. కాబట్టి భంగిమ చేయగలిగినవి రెండే పనులు: కలలోకి దిగే ఆ కొద్ది నిమిషాలు మిమ్మల్ని తగినంత ఎరుకతో ఉంచడం, దిగాక తిమ్మిరో గురకో గుండెమంటో తెచ్చి లేపకుండా ఉండడం.

రెండు దారులు, రెండు అవసరాలు

మొదటి దారికి మైల్డ్ అని పేరు, లాబర్జ్ పెట్టిందే. తెల్లవారుజామున లేచి, ఇందాక వచ్చిన కలని గుర్తు తెచ్చుకుని, "ఈసారి కలగంటున్నప్పుడు ఇది కల అని నాకు గుర్తుండాలి" అని మనసులో గట్టిగా అనుకుంటూ నిద్రపోవాలి. మామూలుగానే నిద్రపోతారు, ఎరుక కలలోకి వెళ్ళాక తడుతుంది. నా బస్టాండు కల ఇలా వచ్చిందే.

రెండోది వైల్డ్. ఇందులో ఒళ్ళు నిద్రలోకి జారుతుంటే మనసు మాత్రం మేలుకునే ఉండి నేరుగా కలలోకి నడవాలి. కళ్ళు మూసుకుంటే రంగులు, ముఖాలు, ఎవరో పిలిచినట్టు మాటలు వస్తాయి. వాటిని చూస్తూ చూస్తూ దాంట్లోకే వెళ్ళిపోవాలి. చెప్పడానికి బాగుంటుంది. చేయడం మాత్రం చాలా కష్టం.

మైల్డ్ కావాలంటే త్వరగా నిద్రపట్టాలి. ఆస్ట్రేలియాలో అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హామ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఇది బాగా కనిపిస్తుంది. మైల్డ్‌తో పాటు తెల్లవారుజామున లేవడం, పగలు "ఇది కలా?" అని పరీక్షించుకోవడం కూడా కలిపి చేసిన వాళ్ళకి సగటున 17 శాతం ప్రయత్నాల్లో ఎరుక కల వచ్చింది. మైల్డ్ పూర్తిచేసిన ఐదు నిమిషాల్లోపే నిద్రపోయిన వాళ్ళకైతే దాదాపు 46 శాతం. వైల్డ్‌కి దీనికి పూర్తిగా ఎదురు లెక్క: నిద్ర మరీ త్వరగా పడితే ఎరుక జారిపోతుంది, కాబట్టి కాస్త అలవాటు లేని భంగిమ, కాస్త సుఖం తక్కువైన భంగిమ కావాలి.

నా ఎనిమిది నెలలూ ఇందుకే పోయాయి. చేస్తున్నది మైల్డ్, పడుకున్నది వైల్డ్ భంగిమలో. నిద్ర పట్టేసరికి ముప్పావుగంట అయ్యేది, అప్పటికి అనుకున్న మాట కాస్తా మనసులోంచి జారిపోయి పాలవాడి లెక్కలు గుర్తొస్తుండేవి.

వెల్లకిలా

దీన్ని ఎందుకు అంతగా పొగుడుతారో అర్థం చేసుకోవచ్చు. వెల్లకిలా నిద్రపోయే అలవాటున్నవాళ్ళు తక్కువ. కాబట్టి చాలామందికి ఈ భంగిమలో మగత వస్తుంది గానీ గాఢంగా పట్టదు. ఒంటి బరువు రెండు వైపులా సమానంగా పడుతుంది, చెయ్యి తిమ్మిరెక్కదు, ఏ భాగమూ ఒత్తుకోదు. కొంతసేపటికి ఒళ్ళు ఉందో లేదో తెలియని స్థితి వస్తుంది. యోగనిద్ర చేసినవాళ్ళకి ఇది బాగా తెలిసిన స్థితే. వైల్డ్‌కి కావాల్సింది ఇదే.

ఇక ఇబ్బందులు. మొదటిది గురక. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గాలి దారిని ఇరుకు చేస్తుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళకి ఈ భంగిమలో బాధ ఎక్కువవుతుంది. మీ గురక మధ్యలో ఆగి, తర్వాత ఒక్కసారిగా గుక్కపట్టినట్టు ఊపిరి తీస్తున్నారని ఇంట్లోవాళ్ళు చెబితే, కలల సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరుకి చూపించుకోండి.

రెండోది, అందరూ భయపడేది. మెలకువ వచ్చేసి ఉంటుంది, గదీ ఫ్యానూ కనిపిస్తుంటాయి, కానీ వేలు కూడా కదలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది, గదిలో ఎవరో ఉన్నారనిపిస్తుంది. మా నాయనమ్మ దీనికి దయ్యాన్నే కారణంగా చెప్పేది. స్లీప్ పెరాలసిస్ అంటే ఇదే: మెలకువ వచ్చినా, రెమ్ నిద్రలో పట్టు వదిలేసిన కండరాలకి ఆ పట్టు ఇంకా తిరిగి రాలేదు. వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువగా వస్తుందని పరిశోధకులు గమనించారు. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే పోతుంది, ప్రమాదమేమీ లేదు. నాకు మూడుసార్లు వచ్చింది. మొదటిసారి అరవాలని చూశాను, గొంతు పెగల్లేదు. మూడోసారికి తెలివొచ్చింది: ఊపిరి మీద దృష్టి పెట్టి కాలి బొటనవేలు ఒక్కటే కదిపే ప్రయత్నం చేశాను, అది కదలగానే మిగతా ఒళ్ళంతా వదిలింది. వైల్డ్‌లో ఆరితేరినవాళ్ళు దీన్నే గుమ్మంలా వాడుకుని కలలోకి వెళతారు. మీకు భయం ఎక్కువైతే మాత్రం ఈ భంగిమ జోలికే వెళ్ళకండి, పంతాలకి పోవాల్సినంత విషయం కాదిది.

వెల్లకిలా పడుకోవాలనే అనుకుంటే తల కింద పల్చటి దిండు చాలు. ఎత్తు దిండు పెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని గురక ఇంకా పెరుగుతుంది. మోకాళ్ళ కింద ఇంకో దిండు పెట్టండి. నడుం కింద ఖాళీ తగ్గి వెన్నుకి ఊరట దొరుకుతుంది, పది నిమిషాల్లో నడుం లాగడం అనే గొడవ ఉండదు. చేతులు ఛాతీ మీద పెట్టుకోకండి. ఆ బరువు కూడా కలలో ఎవరో అదిమినట్టు తయారవుతుంది.

కుడిపక్కా, ఎడమపక్కా

కుడివైపు గురించి మన పక్కనే ఒక పాత లెక్క ఉంది. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు మెరూన్ వస్త్రాల టిబెట్ భిక్షువులు విజయవాడ, గుంటూరు బస్సుల్లో కూడా కనిపించేవారు. వాళ్ళ సంప్రదాయంలో కలలో ఎరుక తెచ్చుకోవడం శతాబ్దాల నుంచి ఉన్న సాధన, నరోపా అనే పాతకాలపు బౌద్ధ గురువు పేరిట ఉన్న ఆరు యోగాల్లో స్వప్నయోగం ఒకటి. దానికి చెప్పే భంగిమ సింహశయ్య: కుడిపక్కకి తిరిగి, కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని, ఎడమచెయ్యి తొడ మీద చాపి పడుకోవడం. పరినిర్వాణ బుద్ధుడి విగ్రహాల్లో కనిపించేది అదే. కొన్ని సంప్రదాయాల్లో ఆడవాళ్ళని ఎడమపక్కకి పడుకోమంటారు. వాళ్ళు చెప్పే కారణాలు నాడులకీ ప్రాణవాయువుకీ సంబంధించినవి, వాటి గురించి నేను మాట్లాడలేను. భంగిమగా చూస్తే మాత్రం అందులో తెలివి ఉంది. చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోవడం పూర్తి సుఖమూ కాదు, కష్టమూ కాదు. ఒళ్ళు తెలియకుండా పడిపోనివ్వదు.

మరి ఏ వైపు? తుర్కియేలో 2004లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో ఎడమపక్కకి పడుకునేవాళ్ళకి పీడకలలు ఎక్కువ, కుడిపక్కకి పడుకునేవాళ్ళ కలల్లో భయం తక్కువ అని తేలింది. చిన్న గుంపు మీద చేసింది కాబట్టి దాన్ని పట్టుకుని అలవాటు మార్చుకోనక్కర్లేదు.

దానికన్నా మన ప్రాంతం వాళ్ళు చూసుకోవాల్సింది కడుపు సంగతి. మా బావమరిది గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, మిర్చి యార్డులో గుమస్తా. సీజన్లో రాత్రి పదింటికి ఇల్లు చేరి, గోంగూర పచ్చడి, పండుమిర్చి కారం కలుపుకుని తిని, పదకొండింటికల్లా పడుకుంటాడు. "బావా, నాలుగింటికి కల కాదు, గొంతులోకి మంట వస్తోంది" అని ఫోన్ చేశాడు. ఎటు పడుకుంటున్నావురా అని అడిగితే కుడిపక్కకి అన్నాడు. కుడిపక్కకి పడుకుంటే జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి తేలిగ్గా వస్తుంది. ఎడమపక్కకి పడుకుంటే జీర్ణాశయం కిందికి, అన్నవాహిక పైకి ఉంటాయి, మంట తగ్గుతుంది. పెద్దవాళ్ళు భోంచేశాక వామకుక్షి అని కాసేపు ఎడమపక్కకి నడుం వాల్చేది ఊరికే కాదు. వాడికి ఎడమవైపు తిరగమన్నాను, రాత్రి భోజనాన్ని పడుకోవడానికి రెండు మూడు గంటల ముందుకి జరపమన్నాను. మొదటిది చేశాడు. రెండోది యార్డు సీజన్ అయ్యాక చూద్దామన్నాడు.

గుండెమంట లేనివాళ్ళు అలవాటైన వైపే పడుకోండి. ఎడమవైపు పడుకుంటే గుండె నలుగుతుందన్న భయం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. గుండె జబ్బు ఉండి ఎడమవైపు ఆయాసంగా అనిపిస్తే మీ ఒళ్ళు చెప్పినట్టే వినండి. గర్భిణులకి ఇక్కడ ఎంపికే లేదు, ఏడో నెల వచ్చాక వెల్లకిలా వద్దు, ఏదో ఒక పక్కకే పడుకోవాలి.

పక్కకి పడుకోవడంలో నిజమైన శత్రువు చెయ్యి. భుజం కింద నలిగి తిమ్మిరెక్కిందంటే సరిగ్గా కల రంగు పట్టుకునే సమయానికి లేపేస్తుంది. దిండు ఎత్తు సరిపోకపోవడమే దీనికి కారణం. పక్కకి పడుకున్నప్పుడు మెడకీ పరుపుకీ మధ్య ఉండే ఖాళీ భుజం వెడల్పంత ఉంటుంది, దిండు ఆ ఖాళీని నింపాలి. మా ఇంట్లో బూరుగు దూది దిండ్లు. కొత్తలో బుస్సున ఉంటాయి, రెండేళ్ళకి ఉండలు కట్టి అప్పడంలా అయిపోతాయి. వీధిలోకి దూదేకులాయన వచ్చినప్పుడు విప్పించి, ఏకించి, ఇంకో పావుకిలో దూది వేయించి కుట్టించుకున్నాను. అంతకు ముందు కొన్న ఖరీదైన ఫోమ్ దిండు కన్నా ఇదే నయమనిపించింది. మోకాళ్ళ మధ్య ఇంకో చిన్న దిండు పెట్టుకుంటే పై కాలు జారి నడుం మెలి తిరగదు.

బోర్లా

దీని గురించి ఎక్కువ చెప్పను. గురక తగ్గుతుంది, కానీ మెడ గంటల తరబడి ఒకవైపు తిరిగే ఉండాలి. హాంకాంగ్‌లో విద్యార్థులని అడిగి 2012లో ప్రచురించిన పరిశోధనలో, బోర్లా పడుకునేవాళ్ళకి ఊపిరాడనట్టు, ఎవరో కట్టేసినట్టు, ఇంకా శృంగారపరమైన కలలు ఎక్కువని తేలింది. ఈ వాక్యం చదివి కొందరు బోర్లా తిరుగుతారని తెలుసు. పొద్దున్న మెడ పట్టేస్తే నన్ను అనకండి.

పడక్కుర్చీ

ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని భంగిమ. వైల్డ్ కోసమైతే నా ఓటు దీనికే. వీపుకి మూడు దిండ్లు పెట్టుకుని మంచం మీదే సగం కూర్చున్నట్టు వాలినా ఇదే ఫలితం. తల పైకి ఉంటుంది కాబట్టి గురకా గుండెమంటా రెండూ తగ్గుతాయి. నిద్ర వస్తుంది గానీ గాఢంగా పట్టదు. కలకీ మెలకువకీ మధ్య ఉండే ఆ సన్నటి గట్టు మీద ఎక్కువసేపు నడవొచ్చు.

చిత్రకారుడు సాల్వడార్ డాలీ కుర్చీలో కూర్చుని, చేతిలో బరువైన తాళంచెవి పట్టుకుని, కింద పళ్ళెం పెట్టుకుని కునుకు తీసేవాడినని రాసుకున్నాడు. నిద్రలోకి జారగానే చెవి జారి పళ్ళెంలో పడుతుంది, ఆ చప్పుడుకి లేచి అప్పటిదాకా కళ్ళ ముందు కదిలిన బొమ్మల్ని పట్టుకునేవాడు. నేను స్టీలు గరిటె, స్టీలు పళ్ళెంతో చేశాను. తెల్లవారుజామున 4:20కి. మా ఇంట్లోనే కాదు, కింద వాటాలో ఉన్నవాళ్ళు కూడా లేచారు. చప్పుడు లేని దారి ఒకటుంది: పడుకుని మోచేతిని పరుపు మీద ఆనించి ముంజేతిని నిటారుగా నిలబెట్టండి. మగత పట్టగానే చెయ్యి మెల్లగా వాలుతుంది, అది వాలినప్పుడు ఎరుక తిరిగి వస్తుంది. రెండు మూడుసార్లు అలా అయ్యాక చెయ్యి పక్కన పెట్టేసి కొనసాగించొచ్చు.

కుర్చీతో సమస్య మెడ. రెమ్‌లో మెడ కండరాలు కూడా వదిలేస్తాయి కదా, తల ఒక పక్కకి వాలిపోయి లేపేస్తుంది. తువ్వాలు గుండ్రంగా చుట్టి మెడకి రెండు వైపులా పెట్టండి. అలా పెట్టుకున్నా కుర్చీలో పెద్ద కల సాగడం కష్టమే. నాకు కుర్చీలో వచ్చినవన్నీ నిమిషం లోపు కలలు. మంచం మీద పక్కకి పడుకుని కన్నవాటిలో ఒకటి మాత్రం ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచేంత సాగింది. అసలు బ్యారేజీకి 70 గేట్లు, కలలో లెక్కపెడితే ప్రతిసారీ వేరే అంకె వచ్చింది.

మంచం, చాప, డాబా

భంగిమ ఎంత ఆలోచించి ఎంచుకున్నా కింద ఉన్నది దాన్ని మార్చేస్తుంది. నవారు మంచం మధ్యలో కుంగితే వెల్లకిలా పడుకున్న మనిషి కూడా ఊయల్లో ఉన్నట్టు వంగిపోతాడు. దాని మీద ముడుచుకుని పక్కకి పడుకోవడమే హాయి. వెల్లకిలా కావాలంటే నేల మీద చాప, దాని మీద బొంత వేసుకోండి. పక్కకి పడుకునేవాళ్ళకి చాప పనికిరాదు, భుజమూ తుంటీ నొక్కుకుపోతాయి.

మే నెల విజయవాడకి వేరే లెక్క. రెమ్ నిద్రలో ఒళ్ళు తన వేడిని సరిచేసుకునే శక్తిని చాలావరకు కోల్పోతుంది, అందుకే గది ఉక్కపోస్తే ముందు దెబ్బతినేది కలలే. ఫోమ్ పరుపు మీద వెల్లకిలా పడుకుంటే వీపు మొత్తం పరుపుకి అంటుకుని తడిసిపోతుంది. పక్కకి తిరిగితే గాలికి తగిలే ఒళ్ళు పెరుగుతుంది. తెల్లవారుజామున కరెంటు పోయిందంటే ఆ రోజుకి కల ఆశ వదులుకోండి, నేనైతే వదిలేసి పేపరు కోసం ఎదురుచూస్తాను. వేసవిలో ప్రయత్నించాలనుకుంటే డాబా నయం. తెల్లవారుజామున గాలి కాస్త చల్లబడుతుంది. దోమతెర లేకుండా మాత్రం వద్దు. ఒక్క దోమ చాలు, వైల్డ్‌లో వినిపించే వింత శబ్దాలేవో, చెవి దగ్గర దోమ ఏదో తేడా తెలియక పోతుంది.

ధనుర్మాసంలో అసలు పెట్టుకోవద్దనే చెబుతాను. 5 గంటలకి గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. కానీ మా పక్కింటాయనకి ఆ పాటే కలలోకి వచ్చి, "అరె, మైకు ఎక్కడుంది" అని వెతికి ఇది కల అని పట్టుకున్నాడట. బయటి చప్పుళ్ళు కలలోకి రావడం మామూలే. విజయవాడలో రైలు కూత వినపడని ఇల్లు ఎక్కడుంది గనక? దాన్నే గుర్తుగా పెట్టుకోవచ్చు: కూత వినపడినప్పుడల్లా, పగలు కూడా, "ఇది కలా?" అని ఒకసారి అడిగి, దగ్గర్లో ఉన్న ఏదైనా రాతని రెండుసార్లు చదివి చూడండి, నా బస్సు బోర్డులా మారిపోతే అది కలే. ఆ అలవాటు కలలోకి కూడా వస్తుంది.

తల ఉత్తరం వైపు పెట్టాలా వద్దా అని అడిగేవాళ్ళున్నారు. దానితో ఎరుక కలకి సంబంధమేమీ నాకు కనిపించలేదు. అమ్మ వద్దంటే మానేయండి, ఆవిడతో వాదించి పడుకుంటే నిద్ర ఎలాగూ పట్టదు.

ఇంతకీ మీకు ఏది?

దిండు మీద తల పెట్టగానే గురకపెట్టే రకమైతే, 4 గంటలకి లేచాక అలవాటైన భంగిమకి తిరిగి వెళ్ళకండి. రెండు దిండ్లు ఎక్కువ వేసుకుని వాలి పడుకోండి, లేదా మీది కుడిపక్క అయితే ఎడమపక్క ప్రయత్నించండి. లేచి అరగంట మెలకువగా ఉండడం మీకు చాలా అవసరం. ఆ అరగంటలో ఫోన్ ముట్టుకోవద్దు, పాత కలలు రాసుకున్న పుస్తకం చదువుకోండి.

ఒకసారి లేస్తే మళ్ళీ పట్టని రకమైతే, వెల్లకిలా పడుకోవడం పూర్తిగా మర్చిపోండి. ఐదు పది నిమిషాలకి మించి మెలకువగా ఉండకండి, లైటు వేయకండి, నీళ్ళు తాగి వచ్చి మీకు బాగా అలవాటైన పక్కకే ఒత్తిగిలి మైల్డ్ చేయండి. నడివయసు దాటినవాళ్ళలో ఎక్కువమంది ఈ రకమే, నేను కూడా.

పిల్లలతో ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు 4 గంటలకి లేచాక హాల్లోకి వెళ్ళి చాప వేసుకోండి. పక్కన పడుకున్న చిన్నవాడి కాలు పొట్టలో తగులుతుంటే ఏ భంగిమా పనిచేయదు.

ఎలా పడుకున్నా ఒక పని మాత్రం అందరూ చేయాలి. మెలకువ రాగానే కదలకండి. కళ్ళు మూసుకుని అదే భంగిమలో ఉండి, ఏం కల వచ్చిందో వెనక్కి లాగండి. కల జారిపోయి, మీరు అప్పటికే ఇటు తిరిగేసి ఉంటే, లేచినప్పుడున్న వైపుకే మళ్ళీ తిరిగి చూడండి. పోయిందనుకున్న కల చాలాసార్లు అక్కడే దొరుకుతుంది నాకు. కల గుర్తులేనివాడికి ఎరుక కల వచ్చినా వచ్చినట్టు తెలియదు.

వారానికి రెండు రోజులకి మించి ఇలా నిద్ర చెడగొట్టుకోకండి, మర్నాడు సెలవున్న రాత్రులే పెట్టుకోండి. పొద్దున్నే బండి నడపాల్సినవాళ్ళు, ముఖ్యంగా గుంటూరు–విజయవాడ హైవే మీద రోజూ తిరిగేవాళ్ళు పని రోజుల్లో ఈ ప్రయోగాలు మానుకోండి. మానసిక వ్యాధికి మందులు వాడేవాళ్ళు, నిజానికీ ఊహకీ మధ్య తేడా ఎప్పుడైనా చెదిరినవాళ్ళు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

నేను ఇప్పుడు పాటించేది చెబుతాను. శనివారం రాత్రి పదిన్నరకి పడుకుంటాను, నాకిష్టమొచ్చినట్టు. 4 గంటలకి లేచి, మంచినీళ్ళు తాగి, వరండాలో పడక్కుర్చీలో ఐదు పది నిమిషాలు కూర్చుంటాను. మగత మొదలవగానే లోపలికి వచ్చి కుడిపక్కకి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంటాను. ఏకించిన దిండు తలకింద, చిన్నది మోకాళ్ళ మధ్య. నెలలో ఒకటో రెండో వస్తున్నాయి. మిగతా ఆదివారాలు ఎనిమిదింటిదాకా నిద్రపోతున్నాను, మా ఆవిడకి అదే పెద్ద సమస్య.